ఆ తాడు ఏ అలంకారం?

నేను ఒక టేపురికార్డరును. ఎత్తు జానెడు, పొడవు మూరెడు, పట్టుకుని మోయడానికి పైన ఒక పిడి, కింద పలువరుసలా మీటలు. పుట్టింది సముద్రం అవతల. పొడవాటి బల్ల ముందు తలెత్తకుండా పనిచేసే ఆడపిల్లలు ఒకరు మోటారు, ఒకరు బెల్టు బిగించి నన్ను మనిషిని చేశారు. చివర కూర్చున్న పిల్ల నా పని చూడ్డానికి తన భాషలో ఏదో కూనిరాగం తీసింది. విని తిరిగి చెప్పాను. కిసుక్కున నవ్వింది. తమ గొంతు తాము వింటే మనుషులకు నవ్వన్నా వస్తుంది, భయమన్నా వేస్తుంది. ఏదీ లేకుండా విన్న మనిషిని ఇంతవరకు నేనెరగను.

నన్ను ఈ దేశానికి తెచ్చినవాడు రేగులపల్లి గంగరాజు. దుబాయిలో కట్టడాల మీద ఇటుకలు మోసి మోసి, ఒకసారి సెలవుకు వస్తూ కంబట్లో చుట్టి తెచ్చి పెళ్లానికిచ్చాడు. ఆ ఇంట్లో చదువు వచ్చినవాళ్లు లేరు. అందుకని ఉత్తరాలు నా కడుపులోనే నడిచేవి. ఆమె నా ముందు గొంతుక్కూర్చుని, "బర్రె ఈనింది. దుడ్డె పుట్టింది. నువ్వు మంచిగున్నవా? ఇగ నాకు మాట్లాడ రాదు," అని చెప్పేది, ఆ తర్వాత క్యాసెట్టు అయిపోయేదాకా ఊరికే కూర్చునేది. ఆ ఊరికే కూర్చోవడం కూడా దుబాయికి పోయేది. అక్కడ ఆయన అదంతా వినేవాడట. నడుము విరిగి ఆయన ఇంటికి చేరాక ఇక ఉత్తరాలతో పనిలేకపోయింది. నన్ను ఊళ్లోని జూనియర్ కాలేజీ తెలుగు సారుకు అమ్మేశాడు.

ఆ సారు పేరు విద్యాసాగర్. సన్నగా, తెల్లగా ఇస్త్రీ చేసిన మనిషి. చెడ్డవాడు కాడు. ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే: ఏ మాట చెవిన పడినా దానికొక పేరు పెట్టకపోతే ముద్ద దిగదు. భార్య వంటింట్లోంచి "కడుపు కాలుతున్నది, కూరగాయలు తెస్తవా లేదా?" అని అరిస్తే, "ఇక్కడ కాలడమన్నది వాచ్యార్థం కాదు, లక్ష్యార్థం," అని వివరించి, ఆ తర్వాతే సంచి అందుకునేవాడు. కథకు వస్తువేది, శిల్పమేది, చెప్పేవాడెవడు, ఎవడి కంటితో చూపిస్తున్నాడు. పద్యంలో పోలిక ఎక్కడుంది, పోలిక చెప్పకుండా ఒకదాన్ని ఇంకొకటి చేసేసిన చోటేది, లేనిదాన్ని ఉన్నట్టు పెంచిన చోటేది - ఇవన్నీ ఆయన వేళ్ల కొసల మీద ఉండేవి. కోడి ఈకలు పీకే మనిషి చేతి వాటంతో పద్యాన్ని అందుకునేవాడు. పిల్లలు నోళ్లు తెరుచుకుని చూసేవాళ్లు. పాఠం బాగా చెబుతాడని పేరు. ఆ పేరు అబద్ధం కాదు.

పుస్తకంలో పద్యాలు పిల్లలకు దూరంగా ఉన్నాయని, వాళ్ల ఊరి పాటలతోనే ఈ మాటలన్నీ నేర్పితే పట్టుబడతాయని ఆయనకొక ఆలోచన వచ్చింది. మంచి ఆలోచనే. నన్ను భుజాన వేసుకుని నాట్ల దగ్గరికి, రోళ్ల దగ్గరికి తిరిగాడు. నాటు పాట దొరికింది, దంపుడు పాట దొరికింది, లాలిపాట దొరికింది. శోకం దొరకలేదు.

మా వైపు మనిషి పోతే ఆడవాళ్లు ఉత్తగా ఏడవరు. శవం పక్కన కూర్చుని పోయినవాణ్ణి పేరుపెట్టి పిలుస్తూ, వాడి బతుకంతా రాగంలో పోసి ఏడుస్తారు. అదే శోకం. కరుణరసానికి అంతకు మించిన ఉదాహరణ ఎక్కడుంటుందని సారు బాధ. వడ్డెర వాడలో పల్లపు ఎల్లవ్వ శోకం పెడితే పక్క ఊళ్ల నుంచి వచ్చి కూర్చుంటారని ఎవరో చెప్పారు. నన్ను తీసుకుని పోయాడు. ఎల్లవ్వ గుడిసె ముందు చేటలో బియ్యం చెరుగుతున్నది.

"ఒక్క శోకం పాడు ఎల్లవ్వా. పిల్లలకు చదువు చెప్పనీకె."

ఆమె చేట ఆపి చూసింది. "ఎవలు సచ్చిండ్రని పాడాలె సారూ?"

"ఎవరూ చావొద్దు. ఊరికెనే."

"సావు లేని ఇంట్ల శోకం పెట్టొద్దు. పిలిసినట్టయితది." మళ్లీ చెరుగుతూ అన్నది, "పెండ్లి పాట కావాల్నా, ఎన్నయినా పట్టుకో. గిది మాత్రం అడగకు."

ఆయన ఇంకో రెండు మూడుసార్లు అడిగాడు. టీ పొడి కూడా తీసుకుపోయి ఇచ్చాడు. ఆమె టీ కాచి ఆయనకే పోసింది కాని శోకం పెట్టలేదు.

ఎల్లవ్వ కొడుకు సాయిలు బావుల పని చేసేవాడు. పూడిక తీయడం, అడుగున రాయి తొలచడం. ఆ ఎండాకాలం మాధవరావు పటేలు బావిలో దిగాడు. పటేలంటే ఊళ్లో సగం మాగాణి ఆయనదే. మా సారు పనిచేసే కాలేజీ పెట్టించిందీ ఆయనే, కమిటీకి అధ్యక్షుడూ ఆయనే. పొద్దెక్కకముందే సాయిలును తాడు మీద దించారు. సగం లోతులో తాడు తెగింది. అడుగున ఉన్నది నీళ్లు కాదు, బండ.

కబురు కాలేజీకి వచ్చినప్పుడు సారు పాఠం చెబుతున్నాడు. అయ్యో అన్నాడు. నిజంగానే అన్నాడు. అంటూనే ఆయన కళ్లు బల్ల మీద ఉన్న నా వైపు తిరిగాయి. క్లాసు వదిలేసి నన్ను తువ్వాల కింద కప్పుకుని వడ్డెర వాడకు నడిచాడు. దారిలో ఒక చోట ఆగి, కొత్త క్యాసెట్టు వేశాడో లేదో తెరిచి చూసుకున్నాడు.

శవాన్ని గుడిసె ముందు పడుకోబెట్టారు. అప్పటికే ఒక మాట వాడంతా తిరిగింది: సాయిలు పొద్దున్నే తాగి వచ్చాడు, జారి పడ్డాడు. పటేలు జీతగాళ్లు చెప్పారు. గట్టు మీద కొత్త తాడు చుట్ట కూడా చూపించారు. తోటి పనివాళ్లను అడిగితే, "మేం మన్ను ఎత్తిపోత్తున్నం, సూడలే," అని తలలు వంచుకున్నారు. వాళ్లకు రేపు కూడా అదే బావిలో పని ఉంది.

ఆడవాళ్ల మధ్య నుంచి ఎల్లవ్వ తలెత్తి సారును చూసింది. తువ్వాల కింద నన్ను కూడా చూసింది.

"అచ్చినవా సారూ. నీకు కావలసింది నా ఇంటికి అచ్చె." ఆయన వెనక్కు ఒక అడుగు వేశాడు. "ఎటు పోతున్నవు? తియ్యి. పట్టుకో. ఒక్క మాట ఇడిసిపెట్టకు. నా కొడుకును తాగుబోతును జేత్తున్నరు. నలుగుట్ల నేను జెప్తే నడువది, నీ మిషిని జెప్తే నడుత్తది."

నన్ను శవం తలదగ్గర పెట్టారు. మీట నొక్కాడు. ఆమె కోడలి మెడ మీద చెయ్యి వేసి అందుకున్నది.

*పొద్దు నడినెత్తి మీదుండంగ నా ఇంట్ల పొద్దు గూకెనే కొడుకో*
*గుట్టను గుద్దితె గుట్ట పిండయ్యె నీ సేతులే కొడుకో*
*పులిని మింగిన బాయి ఇంకెన్నడు నిండుతదే కొడుకో*
*తాడు పాతదని పటేలుతోని నిన్ననే అంటివే కొడుకో*
*మూడు పేటల్ల ఒక్క పేట తెగి ఉన్నదంటివే కొడుకో*
*ఏం గాదు దిగురా దిగురా అని నిన్ను దించిరే కొడుకో*

ఇంకా చాలా ఉంది. రెండు వైపులా తిప్పి పట్టాను. నాకు చెవులున్నాయి, నోరుంది, నడుమ ఏమీ లేదని మనుషుల లెక్క. అట్లా అనుకోవడం వాళ్లకు సుఖం. ఆ రోజు నా నడుమ ఏదో అడ్డం పడ్డట్టు టేపు ఒక చోట కీచుమన్నది. సారు గబుక్కున వంగి చూశాడు. రికార్డింగు పాడైపోయిందేమోనని.

మర్నాడు పంచాయితీ ఆఫీసు వరండాలో విచారణ. పోలీసు స్టేషను నుంచి జమేదారు వచ్చి కాగితాల కట్ట ముందు పెట్టుకున్నాడు. పటేలు కుర్చీలో కూర్చున్నాడు. వడ్డెరవాళ్లు కింద. కొడుకును తాగుబోతని రాయొద్దు, తాడు తెగిందని రాయాలి - ఎల్లవ్వ అడిగింది ఆ ఒక్కటే.

"ఏం రుజువు?" అన్నాడు జమేదారు.

"నా కొడుకు నాకు జెప్పిండు. నేను శవం మీద జెప్పిన. సారు మిషిన్ల ఉంది."

నన్ను బల్ల మీద పెట్టి మీట నొక్కారు. ఆమె గొంతు లేవగానే కింద కూర్చున్న ఆడవాళ్లు మళ్లీ ఏడుపు అందుకున్నారు. జమేదారు ఆరు చరణాలు విని చెయ్యెత్తాడు.

"ఆపుండ్రి. వాడు పడ్డది పొద్దున గదా? పొద్దు గూకుడేందమ్మా?"

ఎల్లవ్వ సారు వైపు తిరిగింది. సారుకు జవాబు తోచింది. అదే ఖర్మ. తరగతిలో పిల్లవాడు అడిగిన ప్రశ్నలా వినిపించింది ఆయనకు.

"అది అతిశయోక్తి జమేదారుగారూ. దుఃఖం పెద్దదని చెప్పడానికి ఉన్నదాన్ని మించి చెబుతారు. నిజంగా పొద్దు గూకిందని కాదు."

"ఓహో. మరి గుట్ట పిండి అయ్యుడు?"

"అదీ అంతే."

"పులి?"

"రూపకం. కొడుకును పులి లాంటివాడు అనకుండా పులే అనెయ్యడం." ఆయన ముఖం విచ్చుకుంటున్నది. "బావి మింగిందన్నది కూడా చూడండి, ప్రాణం లేని దానికి మనిషి గుణం అంటగట్టడం. శోకంలో ఇట్లాంటివి కోకొల్లలు."

వరండాలో అందరూ తలలు ఊపారు. చదువుకున్న మనిషి చదువుకున్నట్టు మాట్లాడుతున్నాడు. ఎల్లవ్వ కూడా ఊపింది, సారు తన తరఫున చెబుతున్నాడనుకుని. అప్పటిదాకా వక్కాకు నములుతూ ఊరుకున్న పటేలు మెల్లగా ముందుకు వంగాడు.

"మస్తు జెప్పినవు సారూ. మా కాలేజీల ఇసొంటి సారు ఉన్నడంటే మాకే గొప్ప." ఉమ్మి వచ్చి మళ్లీ కూర్చున్నాడు. "మరి తాడు సంగతేంది?"

నా చక్రాలు ఆగి ఉన్నాయి. వరండా పైకప్పు రేకులు ఎండకు టిక్కుటిక్కుమంటున్నాయి. సారు ఎల్లవ్వను చూడలేదు. పటేలును చూడలేదు. నన్ను చూశాడు.

"తాడు..." అన్నాడు. "శోకమంటే వాఙ్మూలం కాదు కదా. పాడే మనిషి వేరు, పాటలో 'నేను' అనే వక్త వేరు. తాడు ఆయుష్షుకు ప్రతీక కావచ్చు. మూడు పేటలంటే... జానపదంలో మూడు అన్నది ఆనవాయితీగా వస్తుంటుంది."

"అంటే, ఉన్న తాడు గాదన్నట్టు," అన్నాడు పటేలు.

"అట్లా కూడా అన్వయించవచ్చు."

జమేదారు కలం మూత తీశాడు. ఎల్లవ్వకు సగం మాటలు అర్థం కాలేదు. తాడు పోయిందని మాత్రం అర్థమైంది. లేచి నిలబడి చెంగు నడుముకు దోపింది.

"సారూ. పొద్దు గూకలే, సరే. నా కొడుకు పులి గాదు, సరే. బాయికి నోరు లేదు, సరే. తాడు గుడ లేదంటివి." ఆమె గొంతులో రాగం లేదు, ఏడుపు లేదు. "నా కొడుకు సచ్చిండన్నది ఉన్నదా? గది గుడ అలంకారమేనా?"

జమేదారు కలం కాగితం మీద గీసుకుంటూ పోయింది. తాగిన మైకంలో కాలు జారి పడి మృతి. చదివి వినిపించి, తోటి పనివాళ్ల వేలిముద్రలు వేయించుకున్నాడు. మొదటి చరణాలు తప్ప టేపులో ఇంకేముందో వినిపించమని ఎవరూ అడగలేదు. సారు ఇంటికి వచ్చి ఆ పూట అన్నం తినలేదు. భార్య ఎందుకని అడిగితే, "కడుపులో బాగాలేదు," అన్నాడు. అందులో వాచ్యార్థమెంతో, లక్ష్యార్థమెంతో ఆ రోజు వివరించలేదు.

అక్కడితో ఆయన ఆ క్యాసెట్టును పారేస్తాడనుకున్నాను. మనుషులను నేను ఎప్పుడూ తక్కువే అంచనా వేశాను. కొన్నాళ్లు బీరువాలో పెట్టాడు; ఆ తర్వాత కొత్త తరగతి వచ్చింది, కరుణరసం పాఠం వచ్చింది, చేతిలో ఉన్న అంత మంచి ఉదాహరణ ఆయన మనసును ఊరుకోనివ్వలేదు. తీశాడు. ఏటా తీశాడు. ఎల్లవ్వ కొడుకు కాలేజీలో ప్రతి ఏడూ ఒకసారి చచ్చేవాడు. పిల్లలు ఆ ఆరు చరణాలను బట్టీ పట్టారు. పొద్దు దగ్గర అతిశయోక్తి అని రాసినవాడికి మార్కులు, పులి దగ్గర రూపకమని రాసినవాడికి మార్కులు, తాడు దగ్గర ప్రతీక అని రాసినవాడికి ఇంకాస్త ఎక్కువ మార్కులు; ఎందుకంటే అది కష్టం. "పాడిందెవరు సార్?" అని ఎవరైనా అడిగితే, "అజ్ఞాత కర్తృకం. జానపదానికి కర్త ఎవరో తెలియదు," అనేవాడు. మొదట్లో ఆ మాట అన్నప్పుడు ఆయన నాలుక కొంచెం తడబడేది. తర్వాత తర్వాత అలవాటయింది. ఎల్లవ్వ అప్పటికి బతికే ఉంది, కాలేజీ గోడ అవతలి దారిలోనే కట్టెల మోపుతో పోతూ ఉండేది.

ఆమె పోయిన రెండో ఏడు కావచ్చు, ఎప్పటిలాగే నన్ను బల్ల మీద పెట్టి మీట నొక్కాడు. ముందు వరసలో ఒక పిల్ల ఉలిక్కిపడింది. మొదటి చరణం అయ్యేసరికి ఆ పిల్ల బెంచీ అంచును రెండు చేతులా పట్టుకుంది. సారు అది శ్రద్ధ అనుకున్నాడు.

"నువ్వు లేవమ్మా. నీ పేరేంది?"

"సుగుణ సార్."

"మూడు పేటల్లో ఒక పేట తెగి ఉందంటున్నది వక్త. ఇందులో ఏముంది?"

"తెగిన తాడుంది సార్."

క్లాసు గొల్లుమంది. వెనక బెంచీ నుంచి ఎవడో, "తాడు మీన్స్ తాడు సార్," అన్నాడు. సారు కూడా నవ్వి, ఓపికగా, "అది పైకి కనబడే అర్థం. దాని వెనక?" అన్నాడు.

"వెనక ఏం లేదు సార్. తాడు తెగింది, మా నాయిన బాయిల పడ్డడు."

నవ్వు ఆగింది. నా టేపు మాత్రం తిరుగుతూనే ఉంది.

"మీరు కర్త తెలవదన్నరు," అన్నది సుగుణ. "పల్లపు ఎల్లవ్వ సార్. మా నాయినమ్మ. నన్ను సాదింది. మీకు గుడ తెలుసు. మీరు మా ఇంటికి వచ్చిండ్రట, చాయ తాగిండ్రట."

ఆయన మీట నొక్కి నన్ను ఆపాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకున్నాడు. చివరికి ఆయన నోటి నుంచి వచ్చింది చూడండి: "పరీక్షలో అట్లా రాస్తే మార్కులు రావమ్మా." తిట్టినట్టు కాదు, బతిమాలినట్టు అన్నాడు.

"రాకపోనియ్యిండ్రి సార్."

ఆ పిల్ల చదువు మానేస్తే ఆయనకు తేలికయ్యేది. మానలేదు. రోజూ వచ్చి అదే ముందు వరసలో కూర్చుని నేను ఉండే బల్ల వైపు చూసేది. పది మందిలో ఒక్కసారైనా ఆయన నోటితో తాడు తెగిందన్న మాట వింటానని ఆశ కాబోలు. సారు నన్ను తరగతికి తేవడం మానేశాడు.

సెలవు రోజు ఒకటి చూసి, భార్య పక్కింటికి పోయిన వేళ తలుపు వేసుకుని కూర్చున్నాడు. ఆ క్యాసెట్టు మీద ఇంకేదీ పట్టకుండా వెనక ఉండే చిన్న రెక్కలను ఏనాడో విరిచేశాడు, అంత భద్రంగా దాచుకున్నాడు దాన్ని. ఇప్పుడు దాని మీద మళ్లీ పట్టేందుకు ఆ సందుల్లో కాగితం ముక్కలు మడిచి కుక్కాడు. ఎర్ర మీట నొక్కి గొంతు సవరించుకున్నాడు. "అలంకారాలు, పరిచయం," అని మొదలుపెట్టాడు. నాలో కొత్త మాట పట్టాలంటే పాత మాటను ముందు నేనే తుడవాలి. నా పుట్టుక అట్లాంటిది. ఆయన "ఉపమ" అంటుంటే పొద్దు పోయింది. "రూపకం" అంటుంటే పులి పోయింది. "ప్రతీక" అంటుంటే మూడు పేటలూ పోయాయి. ఆమె గొంతు ఒక్కొక్క చరణం నా నోట్లోనే చచ్చింది. అయితే ఎల్లవ్వ ఏడ్చినంత సేపు చెప్పడానికి ఆయన దగ్గర పాఠం లేదు. చెప్పవలసిన మాటలన్నీ అయిపోయాయి, ఊరికే దగ్గాడు, మీట ఎత్తేశాడు. మిగిలిన టేపును చూసుకోలేదు.

సుగుణ చదువు ముగించుకుని వెళ్లిపోయింది. సారుకు పదవీ విరమణ అయింది. దండలు వేశారు, పటేలు కొడుకు శాలువా కప్పాడు. సారు పోయాక ఇల్లు ఖాళీ చేస్తూ నన్ను, క్యాసెట్టు కడుపులో ఉండగానే, పాత సామాన్ల అంగడికి వేశారు.

అంగడి ఐలయ్యది. తాను ఇనుము, ఇత్తడి తూస్తాడు. పెళ్లాం కనకవ్వ గోనెపట్టా మీద కూర్చుని సీసాలు ఏరుతుంది. ఇవాళ పొద్దున ఐలయ్య నన్ను తిప్పి చూశాడు. "మోగితే బతికె, లేకుంటె తోలు వలుసుడే," అని తీగ తగిలించి మీట నొక్కాడు. సారు గొంతు వచ్చింది. "అతిశయోక్తి అనగా..."

"ఏందయ్య గీ లొల్లి? ఆపు," అన్నది కనకవ్వ.

ఆపబోయి ముందుకు ఉరికించే మీట నొక్కాడు. కొంత దూరం పోయాక వేలు తీశాడు. దగ్గు వినబడింది. ఆ వెనకే, శవం ముందు తప్ప ఎవరూ ఏనాడూ వినని చోటు నుంచి, ఎల్లవ్వ లేచింది.

*తెగిన తాడును ఎవ్వలు దాసిరే కొడుకో*
*కొత్త తాడు దెచ్చి గట్టున ఎవ్వలు వెట్టిరే కొడుకో*
*సల్లబువ్వ నా సేతితోనె తింటివే కొడుకో*
*తాగిండన్న నోరు ఎవ్వలిదే, నన్ను సూడుమనే కొడుకో*

కనకవ్వ చేతిలో సీసా అట్లాగే ఉండిపోయింది. కొంగు తీసి నెత్తిన కప్పుకుంది. "ఎవలయ్య సచ్చింది?"

"ఏమో. పాత టేపు."

"తాడు తెగి సచ్చిండట పోరడు. తాగిండని పేరు వెట్టిండ్రట, ముండకొడుకులు." కళ్లు తుడుచుకుంది. "ఆపకు. అయిపోనియ్యి. శవం మీద ఏడుపు నడుమ ఆపొద్దు."

ఇద్దరూ కూర్చున్నారు. తక్కెడకు వచ్చినవాణ్ణి ఐలయ్య చెయ్యి ఊపి ఆగమన్నాడు. టేపు కొసకు వచ్చి మీట టక్కున లేచింది. "మోగుతది గని గిప్పుడు క్యాసెట్లు ఎవలు వింటరు," అని ఆయన స్క్రూడ్రైవరు అందుకున్నాడు. రాగి తీగకు, అయస్కాంతానికి తప్ప ఇప్పుడు నాకు గిరాకీ లేదు.

"జరంత ఆగు," అన్నది కనకవ్వ. "గిప్పుడేగా ఏడ్సింది ఆ తల్లి. చాయ తాగు ముందుగాల."

ఆయన చాయ తాగాడు. గ్లాసు కడిగి బోర్లించి, వచ్చి నా వెనక మూత విప్పుతున్నాడు.